కుట్ర కేసులో పాదిరి

ధారావాహిక: కుట్ర కేసుల కథ

హనుమకొండ నుంచి కాజీపేటకు పోయే రోడ్డు మీద నిట్ దాటితే ఫాతిమానగర్ వస్తుంది. 1952 డిసెంబరులో వరంగల్ కథోలిక పీఠం ఏర్పడింది. ఇటలీకి చెందిన పీమె మిషనరీ సంఘం నుంచి వచ్చిన అల్ఫోన్సో బెరెట్టా దానికి మొదటి బిషప్ అయ్యారు. పీఠానికి తల్లిగుడిగా ఫాతిమా మాత పేరు మీద కథీడ్రల్ వెలిసింది. చుట్టూ పెరిగిన కాలనీకి ఆ పేరే స్థిరపడింది. 1955లో మాంట్‌ఫోర్ట్ బ్రదర్లు కాజీపేటలో సెయింట్ గాబ్రియల్స్ స్కూలు పెట్టారు. వరంగల్ వాళ్లకు కథోలిక మఠ సంఘాలంటే మొదట గుర్తొచ్చేది ఆ బడి, ఆ యూనిఫాం, అందులో సీటు కోసం తల్లిదండ్రులు పడే ఆరాటం. ఆ సంఘాల పక్కన 'కుట్ర' అన్న మాట పెడితే ఇక్కడ చాలామందికి వింతగానే ఉంటుంది.

అయితే ఫాతిమానగర్‌కు పేరిచ్చిన పోర్చుగల్ పల్లెలో అసలు కథ నడిచిందే కుట్ర అనుమానం మధ్య. 1917లో ఫాతిమా దగ్గర గొర్రెలు కాసే ముగ్గురు పిల్లలు తమకు మరియమాత కనిపిస్తోందని చెప్పారు. పెద్దదానికి పదేళ్లు, చిన్నదానికి ఏడు. నెల నెలా 13వ తేదీన జనం పోగవడం మొదలైంది. ఆగస్టు 13న ఆ ప్రాంతపు అధికారి అర్తూర్ శాంతోష్ స్వయంగా వచ్చి, పిల్లల్ని తన బండి ఎక్కించుకొని తీసుకుపోయి, నిర్బంధించి ప్రశ్నలు వేశాడు. ఎవరు నేర్పారు ఇదంతా? ఏ పాదిరి వెనకున్నాడు? ఏడేళ్ల పాపను అడగాల్సిన ప్రశ్నలు కావవి. కానీ అతనికి, అతని ప్రభుత్వానికి అవి చాలా సహజమైన ప్రశ్నలు.

ఎందుకు సహజమో తెలియాలంటే ఇంకో ఏడేళ్లు వెనక్కి పోవాలి. 1910 అక్టోబరు 5న పోర్చుగల్‌లో రాచరికం కూలి గణతంత్రం వచ్చింది. మూడు రోజులు తిరక్కుండానే, అక్టోబరు 8న, కొత్త ప్రభుత్వం మఠాలను మూసేస్తూ, యేసు సభ గురువులను, అంటే జెస్యూట్లను, దేశం నుంచి వెళ్లగొడుతూ ఆజ్ఞ జారీచేసింది. లిస్బన్‌లో వాళ్ల ఇళ్ల కింద సొరంగాలున్నాయనీ, ఆయుధాలు దాచారనీ పుకార్లు లేచాయి. సోదాలు జరిగాయి. పట్టుబడ్డ గురువులను వరసగా కూర్చోబెట్టి, నేరస్తుల పుర్రె ఆకారం వేరుగా ఉంటుందని నమ్మే ఆనాటి 'శాస్త్రం' ప్రకారం తలలు కొలిచారు. ఆ దృశ్యాల ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి. అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఆ ఆజ్ఞలోని చట్టం ఆధారం. సరికొత్త గణతంత్రం తన పనికి దన్నుగా చూపించుకున్నది 1759 నాటి ఒక రాజశాసనాన్ని. రాజును తరిమేసినవాళ్లు రాజుగారి మంత్రి రాసిన కాగితాన్ని బీరువాలోంచి తీసి దుమ్ము దులిపారు.

ఆ మంత్రి పొంబాల్ మార్క్విస్‌గా చరిత్రకెక్కిన సెబాస్తియావో జొజే. 1755 నవంబరు 1న లిస్బన్ భూకంపంలో నేలమట్టమైతే, దాన్ని తిరిగి కట్టించిన సమర్థుడు. అంత సమర్థుడికీ అడ్డు వచ్చినవాళ్లంటే గిట్టేది కాదు. దక్షిణ అమెరికాలో గువరానీ ఆదివాసుల పల్లెలను జెస్యూట్లు నడిపేవారు. ఆ భూములను స్పెయిన్, పోర్చుగల్ పంచుకోబోతే ఆదివాసులు తిరగబడ్డారు. తిరుగుబాటు నడిపింది పాదిరులేనని లిస్బన్ నమ్మింది. ఇటు రాజధానిలో గాబ్రియెల్ మలగ్రీడా అనే ముసలి జెస్యూట్, భూకంపం దేవుడి ఆగ్రహమనీ, ఇళ్లు కట్టడం కన్నా ముందు పశ్చాత్తాపపడాలనీ పుస్తకం అచ్చువేశాడు. పొంబాల్‌కు ఇది మంట పుట్టించింది.

1758 సెప్టెంబరు 3 రాత్రి రాజు జొజే బండి మీద ఎవరో కాల్పులు జరిపారు. రాజు గాయాలతో బయటపడ్డాడు. నేరం తావొరా అనే ప్రభు కుటుంబం మీద పడింది. 1759 జనవరిలో వాళ్లను చిత్రవధ చేసి చంపారు. ఆ కుటుంబానికి మలగ్రీడా ఆత్మగురువు. అంతే, కుట్ర మొత్తం జెస్యూట్ల బుర్రలో పుట్టిందని తేల్చేశారు. కాల్పులు జరిగి సరిగ్గా ఏడాది నిండిన రోజునే, 1759 సెప్టెంబరు 3న, సభ మొత్తాన్ని దేశద్రోహుల కింద లెక్కగట్టి బహిష్కరించారు. గోవాలో ఉన్నవాళ్లనూ ఓడ ఎక్కించి లిస్బన్ జైళ్లకు తరలించారు. మలగ్రీడా రాజద్రోహం చేశాడని రుజువు చేయడం మాత్రం కుదరలేదు. చివరికి చెరసాలలో మతి చలించిన స్థితిలో ఆయన రాసుకున్న రాతలను పట్టుకొని మతద్రోహం మోపారు. 1761 సెప్టెంబరులో లిస్బన్ నడిబజారులో గొంతు బిగించి చంపి, దహనం చేశారు. అప్పటికి ఆయనకు 72 ఏళ్లు.

ఈ కథలో ప్రతి అంగుళం గమనించదగ్గదే. ఒక నేరం నిజంగా జరిగింది. కాల్చినవాళ్లు ఉన్నారు. దాని పక్కనే, ఆ నేరంతో పనిలేని ఒక పాత కక్ష ఉంది. రెండింటికీ ముడివేయడానికి ఒక పరిచయం దొరికింది. పరిచయం సాక్ష్యమైపోయింది.

పొంబాల్ ఈ ముడి వేసేనాటికే యూరప్ మనసులో దానికి నారు పోసి ఉంది. 1614లో పోలండ్‌లోని క్రాకోవ్‌లో ఒక చిన్న లాటిన్ పుస్తకం బయటపడింది. పేరు 'మోనితా సెక్రెతా', అంటే రహస్య ఆదేశాలు. జెస్యూట్ల అధిపతి తన ముఖ్య అనుచరులకు మాత్రమే ఇచ్చిన సూచనలట. డబ్బున్న వితంతువులను ఎలా మచ్చిక చేసుకోవాలి, వాళ్లు మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఎలా చూడాలి, రాజుల పాపసంకీర్తనం వినే చోటికి ఎలా చేరాలి, సభ విడిచి పోయినవాడి పరువు ఎలా తీయాలి... ఇలా అధ్యాయాల వారీగా. అది ఎక్కడ దొరికిందని అడిగితే ఒకరు ప్రాగ్ అన్నారు, ఇంకొకరు పాడర్‌బోర్న్ అన్నారు. నిజానికి దాన్ని రాసింది హీరోనిమ్ జహొరోవ్‌స్కీ అనే మాజీ జెస్యూట్ అని, సభలోంచి వెలివేసిన కోపంతో రాశాడని చరిత్రకారులు తేల్చారు. సభ విడిచిన వాడి పరువు తీయడం గురించి అంత శ్రద్ధగా అధ్యాయం ఎందుకుందో అప్పుడు అర్థమవుతుంది. దొంగ పుస్తకమని తేలినా అది చావలేదు. మూడు శతాబ్దాల పాటు భాష మార్చుకుంటూ, ఊరు మార్చుకుంటూ అచ్చవుతూనే పోయింది.

ఇంగ్లండ్‌లో పుస్తకం కూడా అవసరపడలేదు, ఒక నోరు చాలింది. టైటస్ ఓట్స్ అనేవాడు కొన్నాళ్లు జెస్యూట్ల బడిలో ఉండి, అక్కడి నుంచి గెంటించుకొని వచ్చాడు. 1678లో లండన్‌లో ప్రమాణం చేసి చెప్పాడు: రాజు రెండో చార్లెస్‌ను చంపడానికి జెస్యూట్లు ఒక సత్రంలో కూడి తీర్మానం చేశారు, తాను చూశాను అని. అతని వాంగ్మూలం తీసుకున్న మేజిస్ట్రేటు ఎడ్మండ్ బెరీ గాడ్‌ఫ్రీ ఆ అక్టోబరులో శవమై దొరికాడు. ఎవరు చంపారో ఈనాటికీ తేలలేదు. కానీ లండన్‌కు ఆ రోజున తేలిపోయింది. 1679 జూన్ 20న ఒక్కరోజే ఐదుగురు జెస్యూట్లను ఉరితీశారు. ఓట్స్ చెప్పిందంతా బొంకని 1685లో కోర్టు తేల్చి, కొరడా దెబ్బలు కొట్టించింది. అయితే ఆ తీర్పు వచ్చేసరికి ఉరికొయ్యలెక్కినవాళ్ల సమాధుల మీద గడ్డి మొలిచి ఆరేళ్లయింది.

ఇక పంతొమ్మిదో శతాబ్దంలో ఈ భయం రాజ్యాంగాలకెక్కింది. నార్వే 1814లోనే తన రాజ్యాంగంలో జెస్యూట్లకు ప్రవేశం లేదని రాసుకుంది, 1956 దాకా ఆ వాక్యం చెరపలేదు. స్విట్జర్లాండ్ 1848లో నిషేధించి, 1973లో జనాభిప్రాయం తీసుకొని ఎత్తేసింది. బిస్మార్క్ జర్మనీ 1872లో వెళ్లగొట్టింది. అమెరికాలో, టెలిగ్రాఫ్‌తో పేరుపడ్డ శామ్యూల్ మోర్స్, ఆస్ట్రియా చక్రవర్తి జెస్యూట్ల ద్వారా అమెరికాను కబళించబోతున్నాడని 1835లో పుస్తకమే వేశాడు. అంతకు ముందటి ఏడాదే బోస్టన్ పక్కనున్న చార్ల్స్‌టౌన్‌లో ఉర్సులైన్ మఠకన్యల బడిని అల్లరిమూక తగలబెట్టింది. లోపల కన్యలను బంధించి హింసిస్తున్నారన్న పుకారే దానికి కారణం. 1865లో లింకన్ హత్య జరిగితే, అది కూడా జెస్యూట్ల పనేనని చార్ల్స్ షినికీ అనే మాజీ పాదిరి 1886లో రాశాడు. హంతకులతో సంబంధమున్నవాళ్లలో కొందరు కథోలికులు కావడం అతను చూపిన ఆధారాల్లో ఒకటి.

ఈ పెనుగాలి తెలుగు నేలనూ తాకింది. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో పుదుచ్చేరి నుంచి బయల్దేరిన ఫ్రెంచి జెస్యూట్లు పుంగనూరు, కృష్ణాపురం, మదిగుబ్బ వంటి రాయలసీమ చోట్ల కర్ణాటక మిషన్ నడిపారు. తెలుగు నేర్చుకున్నారు. వాళ్లలో గాస్తోన్ లొరాన్ కేర్దూ అనే ఆయన తెలుగు, సంస్కృతాలు బాగా చదువుకొని, సంస్కృతానికీ లాటిన్, గ్రీకులకూ ఇంత పోలిక ఎందుకుందని 1767లో పారిస్ పండిత సభకు రాశాడు. విలియం జోన్స్ కలకత్తాలో ఆ మాట చెప్పడానికి ఇంకా పందొమ్మిదేళ్లుంది. కేర్దూ ఆ ఉత్తరం రాసేనాటికి ఆయన స్వదేశం ఆయన సభను అప్పటికే రద్దు చేసింది. ఫ్రాన్స్ 1764లో, స్పెయిన్ 1767లో, చివరికి 1773లో పోప్ పద్నాలుగో క్లెమెంట్ మొత్తం ప్రపంచంలోనే సభను ఎత్తేశాడు. 1814లో గానీ మళ్లీ నిలబడలేదు. ఆ మధ్యకాలంలో సీమ పల్లెల్లోని కొత్త క్రైస్తవులకు, లిస్బన్ రాజు బండి మీద కాల్పులకూ వాళ్లకూ ఏ సంబంధమూ లేకపోయినా, పూజ చెప్పేవాళ్లు కరువయ్యారు. కేర్దూ 1779లో పుదుచ్చేరిలో కన్నుమూశాడు.

పుదుచ్చేరి మిషన్ అల్మారాలో ఇంకో వివాదం కూడా పుట్టింది. 'ఎజూర్ వేదం' అనే ఫ్రెంచి రాతప్రతిని వోల్టేర్ 1760లో అందుకొని, ఇది ప్రాచీన హిందూ గ్రంథమని మురిసిపోయి రాజ గ్రంథాలయానికి ఇచ్చాడు. తర్వాత అది మిషనరీ రాతేనని బయటపడింది. తెలుగు, తమిళ, కన్నడాలు ఒకే కుటుంబం భాషలని 1816లో చెప్పిన ఎల్లిస్ దొర పుదుచ్చేరిలో అలాంటి ప్రతులు ఇంకా చూసి వాటి గుట్టు వివరించాడు. వెంటనే 'జెస్యూట్ల దొంగ వేదం' అన్న ముద్ర పడింది. నింద పోయి పోయి, వందేళ్ల ముందే చనిపోయిన జెస్యూట్ రాబర్ట్ డి నోబిలి నెత్తిన పడింది. దాన్ని క్షుణ్ణంగా పరిశీలించిన లూడో రోషె అనే పండితుడు 1984లో చెప్పినదేమిటంటే, ఎవరో ఫ్రెంచి మిషనరీ మతబోధ కోసం సంభాషణ రూపంలో రాసుకున్నది వేరేవాళ్ల చేతుల్లో 'వేదం' అయింది. మోసగించిందెవరో తేల్చకముందే ముద్దాయి ఖరారైన తీరు ఇక్కడా కనిపిస్తుంది.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. కుట్ర సిద్ధాంతాలకు ఈ సామెతే పెట్టుబడి. కాబట్టి నిప్పు ఎంతుందో కూడా చూడాలి. జెస్యూట్లు రాజుల పాపసంకీర్తనం విన్నారు, దర్బారుల్లో మాట చెల్లించుకున్నారు, తోటలూ బానిసలూ ఉన్న ఆస్తిపరులయ్యారు. 1605లో ఇంగ్లండ్ పార్లమెంటును పేల్చేయాలన్న పథకం గురించి హెన్రీ గార్నెట్ అనే జెస్యూట్‌కు పాపసంకీర్తనంలో ముందే తెలుసు. బయటపెట్టనందుకు మరుసటి ఏడాది ఉరితీశారు. రోమ్‌లో ఉండే సభాధిపతికి నల్ల అంగీ వల్ల 'నల్ల పోపు' అని పేరు. పోప్ ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోతామన్న ప్రత్యేక ప్రమాణం. పెళ్లి లేదు, సొంత ఆస్తి లేదు, పరాయి దేశం వాడు, ఊరివాళ్ల రహస్యాలు తెలిసినవాడు, చదువుకున్నవాడు. అనుమానం రావడానికి సరుకంతా ఉంది. కానీ వ్యక్తి చేసిన తప్పును సంఘం మొత్తానికి అంటగట్టడం, సంఘాన్ని పట్టుకొని ఆ వ్యక్తికి ఉరి బిగించడం రెండూ అన్యాయమే.

ఇంకో నిజాన్ని దాచిపెట్టి ఈ చరిత్ర చెప్పడం తగదు. దెబ్బతిన్నవాళ్లే అదే కర్రను చేతపట్టారు. ఫ్రెంచి విప్లవమంతా ఫ్రీమేసన్లు, ఇల్యుమినాటీలు పన్నిన కుట్రేనని 1797లో సంపుటాలు రాసిన అగుస్తెన్ బర్రుయెల్ జెస్యూటే. రోమ్‌లో జెస్యూట్లు నడిపే 'చివిల్తా కత్తోలికా' పత్రిక 1880ల్లో, యూదులు క్రైస్తవ పిల్లలను బలి ఇస్తారన్న దారుణమైన అబద్ధాన్ని ధారావాహికగా ప్రచురించింది. తమ మీద పడ్డ అబద్ధం ఎంత ఘోరమో తెలిసినవాళ్లు ఇంకొకరి మీద అదే అబద్ధం మోపడం క్షమించరానిది.

మన దేశంలో ఈ అనుమానం దారి మార్చుకొని భూమి మీదికి వచ్చింది. 1885లో బెల్జియం జెస్యూట్ కాన్‌స్టంట్ లీవెన్స్ రాంచీ పక్కనున్న ఛోటానాగపూర్ పల్లెలకు వెళ్లాడు. ముండా, ఉరావ్ రైతుల భూములను జమీందార్లు లాక్కుంటున్న రోజులవి. పైగా వెట్టి. లీవెన్స్ చట్టం చదివి, రైతులకు కౌలు లెక్కలు నేర్పి, వాళ్ల కేసులను రాంచీ కోర్టుకు ఎక్కించాడు. పాదిరి ఆదివాసులను తిరుగుబాటుకు రెచ్చగొడుతున్నాడని జమీందార్లు సర్కారుకు మొరపెట్టుకున్నారు. ఆయన తర్వాత వచ్చిన జాన్ హాఫ్‌మన్ సలహా సర్కారే తీసుకొని 1908లో ఛోటానాగపూర్ కౌలు చట్టం తెచ్చింది. ఆదివాసి భూమి పరాయివాళ్ల చేతిలోకి పోకుండా అడ్డుకునే ఆ చట్టం విలువ, మన ఏజెన్సీలో 1/70 చట్టం తెలిసిన ములుగు, ఏటూరునాగారం పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. అంత చేసిన హాఫ్‌మన్‌ను, పుట్టుక జర్మన్ అయినందుకు, మొదటి ప్రపంచయుద్ధంలో 1915లో శత్రుదేశీయుడని ఇండియా నుంచి పంపించేశారు. రెండో యుద్ధంలో ఇటలీ దిగాక అదే గతి ఎందరో ఇటాలియన్ మిషనరీలకు పట్టింది. నిర్బంధ శిబిరాల్లో పెట్టారు.

స్వతంత్రం వచ్చాక మధ్యప్రదేశ్ ప్రభుత్వం జస్టిస్ భవానీశంకర్ నియోగి అధ్యక్షతన కమిటీ వేసింది. 1956లో వచ్చిన దాని నివేదిక, మతమార్పిడుల మీద ఫిర్యాదులతో ఆగలేదు. పాశ్చాత్య ఆధిపత్యాన్ని తిరిగి నెలకొల్పే ప్రపంచవ్యాప్త విధానంలో మిషనరీల పని ఒక భాగమని తేల్చింది. ప్రలోభాలు, ఒత్తిళ్లు ఎక్కడ జరిగాయో విచారించడం ప్రభుత్వం హక్కు. జరిగిన చోట్ల శిక్షించాలి. కానీ రాయగఢ్ అడవిలో బడి నడిపే పాదిరికీ, ప్రపంచాధిపత్యానికీ మధ్య ఆ నివేదిక వేసిన వంతెన చాలా పొడవైనది. విదేశీ డబ్బు అన్న మాట అప్పటి నుంచి మన రాజకీయాల్లో పాతుకుపోయింది. 2021 క్రిస్మస్ రోజున మదర్ థెరిసా స్థాపించిన మిషనరీస్ ఆఫ్ చారిటీకి విదేశీ విరాళాల అనుమతి రెన్యువల్ నిరాకరించి, రెండు వారాలు తిరగకముందే కేంద్రం మళ్లీ ఇచ్చింది.

ఛోటానాగపూర్ కథకు తిరిగి వచ్చే ముందు మధ్య అమెరికాలో ఒక రాత్రి చూడాలి. ఎల్ సాల్వడార్‌లో భూమి కొద్ది కుటుంబాల గుప్పిట్లో ఉండేది. రైతుకూలీల పక్షం వహించిన జెస్యూట్లను కమ్యూనిస్టు కుట్రదారులన్నారు. 1977 మార్చిలో రుతిలియో గ్రాందే అనే గురువును కాల్చి చంపారు. దేశభక్తి చాటుకో, ఒక పాదిరిని చంపు అన్న కరపత్రాలు తిరిగాయి. ముప్పై రోజుల్లో జెస్యూట్లంతా దేశం విడవకపోతే చంపేస్తామని ఒక హంతక ముఠా హెచ్చరించింది. 1989 నవంబరు 16 తెల్లవారుజామున సైన్యంలోని అత్లకాత్ల్ దళం రాజధానిలోని జెస్యూట్ విశ్వవిద్యాలయంలో చొరబడి, రెక్టర్ ఇగ్నాసియో ఎల్లకురియా సహా ఆరుగురు గురువులను, వంటమనిషి ఎల్బా రామోస్‌ను, ఆమె పదహారేళ్ల కూతురు సెలీనాను కాల్చి చంపింది. పోతూ పోతూ సైనికులు ఒక పని చేశారు. గూఢచారులకు గెరిల్లాలు విధించిన శిక్ష ఇది అని అట్టముక్క మీద రాసి గేటు దగ్గర పెట్టారు. గెరిల్లాల దగ్గర పట్టుకున్న ఏకే-47 తుపాకీనీ వాడారు. ఆ రాత కూడా దొంగ రాతేనని, హత్యలకు ఆజ్ఞ సైన్యం పైస్థాయి నుంచే వచ్చిందని 1993లో ఐక్యరాజ్యసమితి సత్య నిర్ధారణ కమిషన్ బయటపెట్టింది. ఈ కేసులో మాజీ కర్నల్ ఇనొసెంతె మొంతానోకు స్పెయిన్ కోర్టు 133 ఏళ్ల శిక్ష వేసింది 2020 సెప్టెంబరులో.

మరుసటి నెలలోనే రాంచీలో ఒక జెస్యూట్‌ను అరెస్టు చేశారు.

దానికి రెండేళ్ల ముందు, 2018 ఆగస్టు 28 పొద్దున పుణె పోలీసులు దేశంలో పలుచోట్ల ఒకేసారి తలుపులు తట్టారు. అందులో ఒక తలుపు హైదరాబాదులో వరవరరావుది. చిన్న పెండ్యాలలో పుట్టి, వరంగల్ సీకేఎం కాలేజీలో ఏళ్ల తరబడి తెలుగు పాఠం చెప్పి, 1966లో 'సృజన' పత్రికను ఈ ఊరి నుంచే మొదలుపెట్టిన కవి. 1974లో పెట్టిన సికింద్రాబాద్ కుట్ర కేసు 1989లో వీగిపోయిన సంగతి పోయిన సంచికలో చదివారు. ఇంకో తలుపు రాంచీ శివారు నామ్‌కుంలోని 'బగైచా' అనే జెస్యూట్ కేంద్రంలో ఉండే స్టాన్ స్వామిది. అంతకు ముందు పరిచయం ఉన్నా లేకున్నా, పుణె దగ్గర జరిగిన హింస చుట్టూ అల్లుకున్న భీమా కోరేగావ్ – ఎల్గార్ పరిషద్ కేసు ఆ ఇద్దరినీ ఒకే కుట్రలో కూర్చోబెట్టింది.

స్టాన్ స్వామి 1937లో తమిళనాడులోని తిరుచ్చి జిల్లా విరగలూరులో పుట్టారు. బెంగళూరులో ఇండియన్ సోషల్ ఇన్‌స్టిట్యూట్‌కు 1975 నుంచి 1986 దాకా డైరెక్టరు. తర్వాతి జీవితమంతా జార్ఖండ్ ఆదివాసులకే. లీవెన్స్, హాఫ్‌మన్ పనిచేసిన ఆ నేలలోనే, అదే కౌలు చట్టాన్ని నీరుగార్చే సవరణలను వ్యతిరేకించారు. మావోయిస్టులన్న ముద్రతో విచారణ ఖైదీలుగా మగ్గుతున్న వేలాది ఆదివాసి యువకుల కోసం హైకోర్టుకు వెళ్లారు. ఆయన మావోయిస్టు పార్టీ సభ్యుడనీ, ఆ పార్టీ నుంచి డబ్బు అందుకున్నారనీ, ఆయన పనిచేసిన ఖైదీల సంఘీభావ కమిటీ దాని అనుబంధ సంస్థ అనీ, పుణె పోలీసుల తర్వాత కేసు చేపట్టిన జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ ఆరోపణ. అధికారులు ఆయన్ని పదిహేను గంటల పాటు ప్రశ్నించారు. అరెస్టుకు రెండు రోజుల ముందు ఆయన వీడియోలో మాట్లాడుతూ, తన కంప్యూటర్లో దొరికాయని కొన్ని పత్రాలు చూపించారనీ, అవి తనవి కావనీ, ఎవరో దొంగచాటుగా చేర్చారనీ చెప్పారు. భీమా కోరేగావ్‌కు తానెన్నడూ వెళ్లలేదన్నారు.

2020 అక్టోబరు 8 రాత్రి తీసుకెళ్లారు. జెస్యూట్లను వెళ్లగొడుతూ లిస్బన్ ఆజ్ఞ వేసి ఆ రోజుకు సరిగ్గా 110 ఏళ్లు. ఆయనకు 83 ఏళ్లు, పార్కిన్సన్స్ జబ్బు, రెండు చెవులూ సరిగా వినిపించవు. నవీ ముంబై దగ్గర తలోజా జైల్లో పెట్టారు. చేతులు వణికి గ్లాసు పట్టుకోలేక స్ట్రా, సిప్పర్ కావాలని నవంబరు 6న కోర్టును అడిగారు. జవాబుకు ఎన్ఐఏ ఇరవై రోజులు గడువు తీసుకుంది. నవంబరు 26న, తాము వాటిని స్వాధీనం చేసుకోలేదని చెప్పింది. ఆ తర్వాతే జైలు వాళ్లు సిప్పర్ ఇచ్చారు. ఈలోగా తోటి ముద్దాయి అరుణ్ ఫెరీరా అన్నం తినిపించేవారు, వెర్నన్ గొన్సాల్వెజ్ స్నానానికి సాయపడేవారు. ఈ సంగతులు స్వామి తోటి జెస్యూట్లకు రాసిన ఉత్తరాల్లో ఉన్నాయి. వరవరరావు ఆరోగ్యం బాగా దిగజారిందని, ఆయన కోసం ప్రార్థించమని కూడా ఆ ఉత్తరాల్లోనే కోరారు. తమిళ పాదిరి ఒకరు, దేవుణ్ణి నమ్మని వరంగల్ కవి కోసం జైలు గదిలోంచి ప్రార్థన అడిగారు.

2021 మార్చి 22న ప్రత్యేక కోర్టు బెయిలు నిరాకరిస్తూ, నిషిద్ధ సంస్థతో కలిసి ఆయన తీవ్రమైన కుట్ర పన్నినట్టు ప్రాథమికంగా కనిపిస్తోందంది. మే 21న బొంబాయి హైకోర్టు ముందు వీడియోలో కనిపించి, ఎనిమిది నెలల కింద తన పనులు తానే చేసుకునేవాణ్ణని, ఇప్పుడు ఒక్కొక్కటీ చేతకాకుండా పోయాయని, ఆసుపత్రి వద్దు, రాంచీలో తనవాళ్ల మధ్యకు పంపమని అడిగారు. మే చివర్లో బాంద్రాలోని హోలీ ఫ్యామిలీ ఆసుపత్రికి మార్చారు. కోవిడ్ సోకింది. జూలై 5న ఆయన బెయిలు మీద హైకోర్టు వాదనలు వినబోతుండగా, ఆసుపత్రి డాక్టరు వచ్చి ఆయన ఇక లేరని చెప్పారు. అప్పటికి ఆయన మీద విచారణే మొదలుకాలేదు.

రెండు వారాల తర్వాత ఆ ధర్మాసనంలోని జస్టిస్ ఎస్.ఎస్. షిండే, చట్టం సంగతి ఎలా ఉన్నా ఆయన చేసిన పని మీద తమకు గౌరవముందని అన్నారు. ఎన్ఐఏ అభ్యంతరం చెప్పింది. జూలై 23న న్యాయమూర్తి ఆ మాటను వెనక్కి తీసుకున్నారు.

2022 డిసెంబరులో ముద్దాయిల తరఫు నిపుణులుగా పనిచేసిన అమెరికా సంస్థ ఆర్సెనల్ కన్సల్టింగ్ నివేదిక వచ్చింది. స్వామి కంప్యూటర్లోకి 2014 నుంచే ఎవరో చొరబడ్డారనీ, పదుల కొద్దీ ఫైళ్లను ఆయనకు తెలియకుండా పెట్టారనీ, 2019 జూన్ 12న పోలీసులు దాన్ని స్వాధీనం చేసుకోవడానికి ముందు రాత్రే తమ జాడలు చెరుపుకునే ప్రయత్నం చేశారనీ అందులో ఉంది. ముందు రాత్రి అన్న ఆ వివరం ఒక్కటే చాలు ఎవరికైనా ఒళ్లు జలదరించడానికి. ఇది ముద్దాయిల పక్షం తెచ్చిన నివేదిక, ఇందులోని విషయాల మీద ఏ కోర్టూ ఇంకా తీర్పు చెప్పలేదు. ఆర్సెనల్ నివేదికలు చార్జిషీటులో భాగం కావని దర్యాప్తు సంస్థ వాదన. అయితే ఒక మనిషి ప్రాణం పోయిన కేసులో ఆ వాదనతో సరిపెట్టుకోవడం కుదరదు. ఆ హార్డ్ డిస్కును కోర్టు పర్యవేక్షణలో, ఇరుపక్షాలూ ఒప్పుకునే నిపుణులతో పరీక్షింపజేయాలి. ఆ ఫైళ్లు స్వామి రాసినవైతే లోకానికి చెప్పాలి. కాకపోతే ఎవరు పెట్టారో, ఎవరి కోసం పెట్టారో అంతకన్నా గట్టిగా చెప్పాలి. చనిపోయిన మనిషికి కోర్టులు చేయగలిగిన న్యాయం ఇంకా మిగిలే ఉంది.

వరవరరావుకు 2022 ఆగస్టు 10న సుప్రీంకోర్టు ఆరోగ్య కారణాల మీద బెయిలు ఇచ్చింది. విచారణ కోర్టు అనుమతి లేకుండా ముంబై దాటకూడదన్నది అందులో షరతు.

వచ్చే సంచికలో: వరంగల్ మనుషులు పదిహేడేళ్లకు పైగా కోర్టు చుట్టూ తిరిగిన రాంనగర్ కుట్ర కేసు.